గేటు దగ్గర ఆగిపోయిన పెద్ద బిషప్పు

మా ఇంట్లో ఒక ఆర్చ్‌బిషప్ ఉండేవాడు. నాలుగు వందల ఏళ్ళ కిందట ఎక్కడో ఐరోపాలో చనిపోయినవాడు, మాకు ఏ వైపు నుంచీ చుట్టం కానివాడు, మేం ఎన్నడూ గుడి మెట్లెక్కని మతంవాడు. అయినా మా మేనమామల గురించి కంటే ఆయన గురించే నాకు ఎక్కువ తెలుసు. మేనమామలైనా వచ్చి, నాలుగు రోజులుండి, రైలెక్కి వెళ్ళిపోయేవారు. ఈయన మాత్రం కదిలేవాడు కాదు.

ఆయన్ని ఇంటికి తెచ్చింది మా నాన్న. నాన్న గూడ్సు బండి గార్డు. ఇప్పుడు ఆ ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు గానీ, నాన్న గార్డుగా చేరి గార్డుగానే దిగాడు. శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పని కోసం తాతల నాడు బిలాస్‌పూర్ చేరిన కుటుంబాల్లో మాదొకటి. బండికి చివర ఉండే బ్రేక్‌వ్యాన్‌లో గార్డు ఒక్కడే కూర్చోవాలి. బొగ్గు బండికి దారి ఇవ్వాలన్న తొందర ఎవరికీ ఉండదు కాబట్టి, ప్యాసింజర్లూ ఎక్స్‌ప్రెస్‌లూ అన్నీ దాటిపోయేదాకా పొలాల మధ్య నిలబడిపోవాల్సిందే.

అలా కూర్చునే మనిషికి ఒక పుస్తకం దొరికింది. రిటైరై దేశం విడిచి వెళ్ళిపోతున్న ఒక ఆంగ్లో-ఇండియన్ గార్డు, జెండాలూ దీపమూ పెట్టుకునే తన ఇనప పెట్టెను నాన్నకి అప్పగించాడు. దాని అడుగున ఉంది ఆ ఇంగ్లీషు పుస్తకం. అట్ట లేదు, ముందు పేజీలు లేవు, చివరి పేజీలూ లేవు. మధ్యలో మిగిలింది ఒక ఆర్చ్‌బిషప్ జీవితం. నాన్న తన మెట్రిక్ ఇంగ్లీషుతో దాన్ని ఎన్నిసార్లు చదివాడో చెప్పలేను. ఆ బిషప్పు పేరు నాన్న నోటికి ఒకసారి పలికినట్టు ఇంకోసారి పలికేది కాదు. అందుకని ‘పెద్ద బిషప్పు’ అని పెట్టేశాడు. తరవాత క్వార్టర్ ఖాళీ చేసి సొంతింటికి మారినప్పుడు పుస్తకాన్ని చెదలు తినేశాయి. అప్పటికి దాని అవసరం ఎవరికీ లేదు. కథంతా నాన్న దగ్గరే ఉంది.

రెస్టు రోజున సాయంత్రం క్వార్టర్ వరండాలో చాప మీద నేనూ, నా చెల్లీ. నాకు పదేళ్ళుంటాయి, దానికి అందులో సగం. నాన్న కథ చెబుతుంటే వినేవాళ్ళెవరైనా ఆ బిషప్పు రైల్వేలోనే పని చేశాడనుకుంటారు.

“మూడో కొడుకు. ఆస్తి పెద్దోడికెళ్ళిపోద్ది, రెండోవాడు సైన్యంలోకెళ్ళిపోయేడు. ఈడికేటి మిగిలింది? సర్వీసే. ఆళ్ళ సిన్నాన్న అప్పుటికే బిషప్పు. ఆయన మాట సాయంతో సిన్న వయసులోనే పాదిరీ గుర్తుగా నడినెత్తిన జుట్టు గొరిగించి, డూటీలో ఎక్కించేసినారు.”

రోమ్ అంటే వాళ్ళ గార్డెన్‌రీచ్. అప్పట్లో మా జోనుకి పెద్దాఫీసు కలకత్తా గార్డెన్‌రీచ్‌లో ఉండేది. బిషప్పు లా చదివి, ఆ పెద్దాఫీసులో ఫైళ్ళు తిప్పి, తాను కంటితో చూడని చర్చిల మీద వచ్చే రాబడి తింటూ చాలాకాలం కులాసాగా బతికాడట. తర్వాత ఆర్చ్‌బిషప్‌గా ప్రమోషన్ వచ్చింది. అంతకు ముందు ఆ పదవిలో ఉన్నవాళ్ళెవరూ ఆ ఊరు రాలేదు. రోమ్‌లోనే కూర్చుని జీతం పుచ్చుకున్నారు. ఈయన మాత్రం కంచరగాడిదెక్కి కొండలు దాటి ఆ ఊరు చేరాడు. చూస్తే బంగళా నిండా కోళ్ళు.

“అప్పుటి నుంచి మొదలెట్టేడు ఇనిస్పెక్షను,” అనేవాడు నాన్న. ఊరూరా తిరిగి, ప్రతి చర్చిలో దీపంలో నూనె ఉందా లేదా చూసేవాడట. పాదిరీ ఊళ్ళో లేకపోతే చార్జిషీటే. ఆఖరికి రూలు పెట్టాడు: అనుమతి లేకుండా ఎవరూ హెడ్‌క్వార్టర్ వదలకూడదు, తనతో సహా. దాంతో కింది పాదిరీలంతా యూనియన్ కట్టి రోమ్‌కి ఫిర్యాదులు పంపారు. ఆయన బంగళా మీద రాళ్ళు కూడా పడ్డాయి. ఆయన ఒక్క మెట్టు దిగలేదు.

నాకైతే ఆ మనిషి నచ్చేవాడు కాదు. రూళ్ళు పెట్టేవాళ్ళెవరూ నాకు నచ్చరు, పెట్టినవాటిని తామే పాటించి చూపించేవాళ్ళు అసలు నచ్చరు. చెల్లికి మాత్రం ఆయనంటే ప్రాణం. ఆయనకి పైన వంపు తిరిగిన పొడుగాటి కర్ర ఉంటుందని నాన్న చెప్పిన రోజు నుంచి, అది పెరట్లో జామకాయలు కోసే కొంకికర్ర పట్టుకుని కాలనీ అంతా ఇనిస్పెక్షన్ చేసేది. అందరి తులసికోటల దగ్గరా ఆగి, ప్రమిదల్లోకి తొంగి చూసి, “నూని లేదు, సస్పెండు” అనేది.

“మరి పెద్ద బిషప్పుకి పచ్చజెండా ఉంటాదా నానా?” అని ఒక రోజు అడిగింది.

“కర్రే గానీ జెండా ఉండదమ్మా.”

“అయితే మన జెండా ఇచ్చీ ఆయనికి. లేపోతే నాకిచ్చీ.”

అది నాన్న పచ్చజెండా కోసం చాలా ఏడ్చింది. నాన్న ఇచ్చేవాడు కాదు. డ్యూటీ జెండా ఆటకి ఇవ్వకూడదనేవాడు. కథ చివరి పేజీలు లేవు కదా, అందుకని “సివరికి ఏటైంది?” అని అది అడిగినప్పుడల్లా నాన్న ఒక కొత్త ముగింపు కట్టేవాడు. ఒకసారి బిషప్పు పెన్షను పుచ్చుకుని కోళ్ళు పెంచుకున్నాడు. ఇంకోసారి గాడిదెక్కి మా బిలాస్‌పూరే వచ్చేశాడు. ఆ ముగింపుకి చెల్లి గుమ్మంలోకి వెళ్ళి చూసొచ్చింది.

ఆ వానాకాలంలోనే దానికి జ్వరం వచ్చింది. మొదటి రెండు రోజులూ మామూలు జ్వరమే అనుకున్నాం. మూడో రోజు ఫిట్స్ వచ్చి, మాట పడిపోయింది. ఆసుపత్రిలో వాళ్ళు చెయ్యగలిగింది చేశారు. నాన్న డ్యూటీలో ఉన్నాడు. పక్క క్వార్టరాయన కంట్రోల్ ఆఫీసుకి పరిగెత్తి కబురు పెట్టించాడు. నాన్న బండి అప్పుడు చకర్‌భాటా స్టేషన్‌లో పక్క లైనులో నిలబడి ఉంది. ముందు పట్టాల మీదికి నీళ్ళు వచ్చి బళ్ళన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. స్టేషన్ మాస్టరు మనిషిని పంపి బ్రేక్‌వ్యాన్‌లో ఉన్న నాన్నకి కబురు చెప్పించాడు. చకర్‌భాటా అంటే ఎంత దూరం? సైకిలు మీద పాలు తెచ్చేవాళ్ళు అక్కణ్ణుంచి వచ్చేవారు.

కానీ వేరే గార్డు వచ్చి చార్జి తీసుకునేదాకా గార్డు బండి వదలకూడదు. ఆ వానలో వేరే గార్డు రాలేదు. నాన్న బండి దిగలేదు.

చెల్లి మధ్యాహ్నం పోయింది. చిన్నపిల్లల్ని మాలో కాల్చరు, పూడుస్తారు. అరపా నది పెరుగుతోందని, చీకటి పడితే ఒడ్డుకి వెళ్ళడం కష్టమని, నాన్న బండి ఎప్పుడు కదులుతుందో ఎవరూ చెప్పలేరని, పక్క క్వార్టర్ల పెద్దలిద్దరు దాన్ని నాన్న పంచెలో చుట్టి తీసుకెళ్ళిపోయారు. అమ్మని రానివ్వలేదు. ఆడవాళ్ళు వెళ్ళరు. నేను ఆ కొంకికర్ర పట్టుకుని వరండాలో నిలబడ్డాను.

బండి తెల్లవారేసరికే యార్డులోకి వచ్చేసిందని పక్కాయన చెప్పాడు. యార్డు నుంచి మా క్వార్టర్‌కి నడిచినా ఎంతోసేపు పట్టదు. నాన్న వచ్చేసరికి ఎండ గుమ్మంలోకి వచ్చేసింది.

“ఇంతసేపూ ఎక్కడున్నారండీ?” అంది అమ్మ. ఏడవలేదు. గట్టిగా కూడా అనలేదు.

“డూటీ దిగేసరికి ఆలీసమైపోనాది,” అన్నాడు నాన్న. కుళాయి దగ్గర తల మీంచి నీళ్ళు పోసుకుని, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆయన తెల్ల యూనిఫాం మర్నాడు అమ్మే ఉతికింది. బండకేసి ఎలా బాదిందో నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

అమ్మకి రెండు కోపాలు. కబురు అందీ రాలేదన్నది మొదటిది. దానికి ఆవిడే సర్ది చెప్పుకునేది, రైల్వేవాళ్ళ కూతురు కాబట్టి. రెండోది మాత్రం జీర్ణం కాలేదు. బండి దిగినవాడు తిన్నగా ఇంటికి రాకుండా, గార్డుల లాబీలో డ్యూటీ దిగిన సంతకం చేసి, టీ తాగి, నలుగురితో మాట్లాడి తీరిగ్గా వచ్చాడని ఆవిడ లెక్క. పైగా ఆ తర్వాత నాన్న చెల్లి ఊసెత్తలేదు. ఒక్కసారి కూడా. ఎవరైనా పిల్లలెంతమంది అని అడిగితే, “ఒక్కర్తే అమ్మాయండి,” అనేవాడు. అలా అన్నప్పుడు అమ్మ చేతిలో ఏదుంటే అది కింద పెట్టేసి లోపలికి వెళ్ళిపోయేది. పెద్ద బిషప్పు కథ మొదలైనా అంతే. నాన్న ఎవరి దగ్గరైనా “మూడో కొడుకు” అన్నాడంటే ఆవిడ పెరట్లోకి పోయేది. ఏళ్ళు గడిచినా ఆ కథ మళ్ళీ ఆవిడ చెవిన పడలేదు.

చకర్‌భాటా పేరు కూడా అమ్మ పలికేది కాదు. ఇప్పుడక్కడ విమానాశ్రయం వచ్చింది. ఒకసారి అక్కణ్ణుంచి ఢిల్లీకి టికెట్లు తీస్తానంటే, “నానెల్లను. ఏ రైల్లో అయినా తీసుకెల్లు, జనరల్ డబ్బాలో అయినా పరవాలేదు,” అంది. విమానం ఇంటి మీంచి దిగుతున్నప్పుడు నాన్న వరండాలో కూర్చుని తలెత్తి చూసేవాడు. అమ్మ వంటింట్లో కుళాయి తిప్పేది. ఈ ఇద్దరి మధ్యా పెరిగి పెద్దదాన్నై, ఉద్యోగం తెచ్చుకుని, పెళ్ళి చేసుకుని, మళ్ళీ ఇద్దరినీ నా దగ్గరే పెట్టుకున్నదాన్ని నేను. చాలాసార్లు ఇద్దరి మీదా విసుక్కున్నాను. పోట్లాడుకుంటే తీరిపోయేది గదా అనిపించేది.

కిందటి వానాకాలంలో నాన్నకి పక్షవాతం వచ్చింది. ఆసుపత్రి నుంచి ఇక ఇంటికి రాలేదు. మాట పూర్తిగా పోలేదు గానీ మనుషులు పోయారు. నన్ను నర్సు అనుకునేవాడు, నర్సుని స్టేషన్ మాస్టర్ అనుకునేవాడు. అమ్మని అసలు పోల్చుకోలేదు. మర్యాదగా “కూర్చోండమ్మా” అనేవాడు. మిగిలిందల్లా పెద్ద బిషప్పు. ఆయన పుట్టుక, చదువు, ప్రమోషన్, కోళ్ళు, రాళ్ళు, ఏదీ మర్చిపోలేదు. నర్సు మందు తెస్తే ఆవిడకి హిందీలో చెప్పేవాడు. ఆవిడ “అచ్ఛా బాబా, ఫిర్?” అని, తర్వాతేమైందని అడుగుతూ మాత్ర మింగించేది.

నాకు ఒళ్ళు మండిపోయింది. కన్న కూతుళ్ళు పోయి, కట్టుకున్న భార్య పోయి, ఆ పాదిరీ మిగిలాడా? అమ్మ అలా అనలేదు. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఒకటే అంది.

“నాకేటొద్దే. పోయీముందు ఆ పిల్లగుంట గురించి ఒక్క మాట అనమను. ఒక్కటంటే ఒక్కటి. ఆరికి అది కూతురని తెలుసో లేదో నాకు తెలియాల.”

డాక్టరు ఇంక ఎన్నాళ్ళో కాదన్నాడు. అమ్మ రోజూ వెళ్ళి మంచం పక్కన స్టూలు మీద కూర్చునేది, ఆ ఒక్క మాట కోసం. నేను ఫోన్లో చెల్లి పాత ఫోటో చూపించాను. నాన్న చూసి, “ఎవురా పాప? ముద్దుగుంది,” అన్నాడు. అమ్మ ముఖం చూడలేక నేను కిటికీ వైపు తిరిగాను.

ఒక మధ్యాహ్నం వాన పడుతోంది. నాన్న మళ్ళీ మొదలుపెట్టాడు. పెరడు లేదు కాబట్టి అమ్మకి వినక తప్పలేదు. కథ ప్లేగు దాకా వచ్చింది.

“ఊర్లో ప్లేగు దిగినాది. పెద్ద బిషప్పు గేట్లన్నీ మూయించేసినాడు. ఎవుడూ ఎల్లకూడదు, ఎవుడూ రాకూడదు. రూలు ఆయనదే. తాళం ఆయన సేతిలోనే ఉంది. అప్పుడు కబురొచ్చినాది. ఏటికవతల మేనకోడలికి జ్వరం, మాట పడిపోనాదని.”

అమ్మ నా వైపు తిరిగింది. “మేనకోడలేటి? ఆ కతలో మేనకోడలు లేదు.”

“ఉందమ్మా, ఎప్పుడూ చెబుతాడు కదా,” అన్నాను.

“లేదే. ఆ సాప మీద మీరిద్దరూ ఇన్నప్పుడు, నాను గుమ్మంలో బియ్యం ఏరుకుంటా ప్రతిసారీ ఇన్నాను. ఆ బిషప్పుకి పిల్లలూ లేరు, పిల్లల్లాటోళ్ళూ లేరు. ఎప్పుడొచ్చింది ఈ గుంట?”

ఎప్పుడొచ్చిందో నాకు ఆ క్షణంలో తెలిసింది. చెల్లి ఉన్న రోజుల్లో బిషప్పు కోళ్ళు పెంచుకున్నాడు, గాడిదెక్కి బిలాస్‌పూర్ వచ్చాడు. మేనకోడలు ఆ తర్వాత వచ్చింది. ఏళ్ళ తరబడి విన్నాను, ఊఁ కొట్టాను, ఒక్కసారీ లెక్క కట్టలేదు. అమ్మ వినకుండా పెరట్లోకి పోయేది.

“గేటు కాడికెల్లి నిలబడ్డాడు,” అన్నాడు నాన్న. ఎప్పుడూ అక్కడే ఆపేసేవాడు. “అంతే. తరవాత పేజీల్లేవు.”

అమ్మ స్టూలు మంచానికి ఆనించి జరుపుకుంది.

“పేజీలు లేపోతే పోనీండి. మీకు తెలుసు కదా. గేటు ఎప్పుడు తెరిసేరు?”

నాన్న పైకప్పు వైపే చూస్తూ చెప్పాడు. “తెల్లారి. అప్పుటికే అంతా అయిపోనాది. ఇద్దరు పెద్దోళ్ళు గేటు కాడే ఉండి సెప్పినారు.”

“అప్పుడు ఇంటికెల్లేడా?”

“ఎలాగెల్తాడమ్మా? ఇంట్లో తల్లుంది గదా. కబురందీ రాలేదు. ఏ మొకం పెట్టుకుని ఎల్తాడు? ముందు ఏటి కాడికి ఎల్లేడు.”

“అక్కడ గుర్తు ఉండదు గదండీ. ఎలాగ తెలిసింది?”

“ముళ్ళకంపెట్టేరు, కుక్కలు తవ్వకుండా. వానకి ఇసకంతా సదునైపోనాది గానీ కంప ఉంది. అక్కడ మోకాళ్ళ మీద కూకుని…” నాన్న ఆగాడు. పనిచేసే చెయ్యి దుప్పటి మీద ఏదో వెతికింది. “సంకలో జెండాలున్నాయి. పచ్చది ఇప్పి సూపించేడు. ఎప్పుడూ అడిగీది. డూటీ జెండా ఇవ్వకూడదనీవోణ్ణి.”

పెద్ద బిషప్పు దగ్గర జెండా ఎందుకుంటుందని నేను అడగలేదు.

అమ్మ రెండు చేతుల్తో నాన్న చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఆవిడ పట్టుకోగా నేను ఎన్నడూ చూడలేదు.

“ఆ రోజు యూనిఫాం పేంటు మోకాళ్ళ నిండా ఇసకే,” అంది నాతో, నాన్న మీంచి చూపు తిప్పకుండా. “బొగ్గు బండి దిగొచ్చినోడికి బొగ్గుంటాది, ఇసకెక్కడిదనుకున్నాను. అనుకుని, దులిపీసి, ఉతికీసేను. అడగలేదే. ఇన్నేళ్ళు పక్కనే ఉన్నాడు, ఒక్క మాట అడగలేదు నాను.”

అప్పుడు ఏడ్చింది. చెల్లిని తీసుకెళ్ళిన రోజున ఏడవనంత ఏడ్చింది. పక్క మంచాల వాళ్ళు తిరిగి చూశారు. నేను లేచి ఆవిడ భుజాలు పట్టుకున్నాను.

నాన్న కంగారు పడ్డాడు. ఆవిడెవరో తెలియకపోయినా, ఏడుస్తున్న ఆడమనిషిని చూసి కంగారు పడ్డాడు.

“ఏటమ్మా, ఎందుకు ఏడుస్తన్నారు? మీకు పిల్లలెంతమంది?”

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

“ఇద్దరండి. ఇద్దరూ ఆడపిల్లలే.”

“బాగున్నారా?”

“పెద్దది ఇదుగో, ఇక్కడే ఉంది. సిన్నది ఏటొడ్డున పడుకుందండి. ఆళ్ళ నాన ఎల్లి సూసొచ్చేరు.”

“అచ్ఛా,” అన్నాడు నాన్న. “సూసొచ్చేరా. అయితే పరవాలేదు.” అని కళ్ళు మూసుకున్నాడు. అమ్మ ఆ చెయ్యి వదల్లేదు.